రెండున్నరేళ్లలో ఒక్కసారే పనికొచ్చిన బటన్: నా మొదటి గేమింగ్ పీసీ మదర్‌బోర్డు

ఈ మదర్‌బోర్డు గురించి నేను చెప్పదలచుకున్నదంతా దాని వెనుకవైపు, యూఎస్‌బీ పోర్టుల పక్కన, వేలికొన ఆనేంత చోటులో ఉన్న ఒక చిన్న బటన్ గురించే. కంప్యూటర్ ఆన్ కాగానే ముందుగా పనిచేసే, బోర్డులోనే ఉండే సాఫ్ట్‌వేర్‌ను బయాస్ అంటారు; దాన్ని పెన్‌డ్రైవ్ నుంచి మార్చుకోనిచ్చేది ఈ బటన్. బయాస్ ఫ్లాష్‌బ్యాక్ అనే ఆ సదుపాయం నాకు దక్కడం నా ముందుచూపు వల్ల కాదు. 2023 మే నెలలో సికింద్రాబాద్‌లో కంప్యూటర్ దుకాణాల సముదాయమైన సీటీసీలో నేను అడిగిన చవక బోర్డు స్టాకు లేకపోవడంతో, పద్నాలుగు వందలు ఎక్కువ పెట్టి మరో బి450 బోర్డు తీసుకోవలసివచ్చింది. అనవసరంగా డబ్బు పోయిందని హనుమకొండ చేరేదాకా బస్సులో గొణుక్కుంటూనే ఉన్నాను.

విడిభాగాలకు జాతకాలు కలిపినంత శ్రద్ధగా పొంతన చూశాననే అనుకున్నాను. రైజెన్ 5 5600 ప్రాసెసర్‌ది ఏఎమ్4 సాకెట్, బోర్డుదీ అదే, ర్యామ్ డీడీఆర్4, ఆర్‌ఎక్స్ 6600 గ్రాఫిక్స్ కార్డుకు 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే డబ్బా) సరిపోతుంది. చూడనిది ఒక్కటే, బోర్డులోని బయాస్ ఎప్పటిదన్నది. బి450 చిప్‌సెట్ 2018 నాటిది, నా ప్రాసెసర్ 2022లో వచ్చింది; దాన్ని గుర్తుపట్టే బయాస్ బోర్డులో లేకపోతే ప్రాసెసర్ సాకెట్‌లో ఎంత చక్కగా కూర్చున్నా పనిచేయదు. పెట్టె మీద ‘రైజెన్ 3000 డెస్క్‌టాప్ రెడీ’ అన్న స్టిక్కర్ ఉండనే ఉంది గానీ, అందులో నాకు మధ్యనున్న అంకె తప్ప మిగతావన్నీ కనిపించాయి.

ఆ రాత్రి పవర్ బటన్ నొక్కగానే ఫ్యాన్లన్నీ తిరిగాయి, డిస్‌ప్లే మాత్రం రాలేదు. ర్యామ్ తీసి మళ్లీ పెట్టాను. ఈ ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉండవు కనుక, మానిటర్ కేబుల్ గ్రాఫిక్స్ కార్డుకే ఉందో లేదో మూడుసార్లు చూశాను. బోర్డు అంచున సీపీయూ అన్న అక్షరాల పక్కన ఎర్రదీపం వెలుగుతూనే ఉండడంతో, ప్రాసెసర్‌ను బయటికి తీసి, ఫోన్ టార్చి వెలుతురులో పిన్నులు ఒక్కొక్క వరుసగా పరీక్షించాను. ఒక్కటీ వంగలేదు. దుకాణానికి ఫోన్ చేస్తే బోర్డు తీసుకురమ్మన్నారు. మర్నాడు తయారీదారు వెబ్‌సైట్‌లో ప్రాసెసర్ల జాబితా తెరిచాక గానీ, 5600 ఎదురుగా చివరి గడిలో ఉన్న బయాస్ వెర్షన్ నంబరు నా కంట పడలేదు.

ఫ్లాష్‌బ్యాక్‌కు ప్రాసెసర్, ర్యామ్ ఏవీ అవసరం లేదు. బోర్డుకు కరెంటు అందితే చాలు. బయాస్ ఫైలుకు మాన్యువల్ చెప్పిన పేరు పెట్టి, పెన్‌డ్రైవ్‌లో వేసి, ప్రత్యేకంగా గుర్తు ఉన్న పోర్టులో గుచ్చి బటన్ నొక్కాలి. మొదటిసారి దీపం నాలుగైదుసార్లు మినుకుమని ఆగిపోయింది. నా 64 జీబీ పెన్‌డ్రైవ్ ఎక్స్‌ఫ్యాట్ పద్ధతిలో ఫార్మాట్ అయి ఉండగా, బోర్డుకు ఫ్యాట్32 కావాలి. చివరికి పనికొచ్చింది మా అక్క పెళ్లికి ఫోటోగ్రాఫర్ ఇచ్చిన 8 జీబీ పెన్‌డ్రైవ్. అందులోని ఫోటోలన్నిటినీ ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసేదాకా అమ్మ దాన్ని ఫార్మాట్ చేయనివ్వలేదు. ఈలోగా ఆకాశం మబ్బు పట్టింది. బయాస్ రాస్తుండగా కరెంటు పోకూడదని మాన్యువల్ హెచ్చరిస్తోంది, మే నెల గాలివానకు మా వీధిలో కరెంటు పోకుండా ఉన్న రోజు నేనెరుగను. కంప్యూటర్‌ను హాల్లో ఇన్వర్టర్ లైను ఉన్న ప్లగ్గు దగ్గరికి మోసుకెళ్లి, మళ్లీ బటన్ నొక్కి, మినుకుతున్న దీపాన్ని చూస్తూ దాదాపు ఐదు నిమిషాలు నేల మీదే కూర్చున్నాను. దీపం ఆరాక అన్నీ బిగించి ఆన్ చేస్తే, తయారీదారు లోగో తెరమీద కనిపించింది.

అప్పట్లో ఈ బోర్డును కనిపించినవారందరికీ సిఫారసు చేశాను. ఇప్పుడు అంత ఊపుగా చెప్పలేను. 2024 చివర్లో 5700ఎక్స్3డీ ప్రాసెసర్‌కు మారినప్పుడు, పాత ప్రాసెసర్ ఇంకా సాకెట్‌లోనే ఉండడంతో బయాస్ మెనూ నుంచే అప్‌డేట్ చేసుకున్నాను, బటన్‌తో పని పడలేదు. పైగా ఆ అప్‌డేట్ ర్యామ్‌ను పూర్తి వేగంతో నడిపే ఎక్స్‌ఎంపీ సెట్టింగును చెరిపేసిందని నాకు తెలియలేదు. 3200 వేగానికి కొన్న ర్యామ్ ఆరు నెలలపాటు 2400 వద్దే నడిచిందని, ఒకరోజు టాస్క్ మేనేజర్ తెరిచినప్పుడు యథాలాపంగా బయటపడింది. ఆ ఆరు నెలలూ కొత్త ప్రాసెసర్ అనుకున్నంత లేదని నిందించినవాణ్ణి నేనే. ఇక ఆర్‌ఎక్స్ 6600కు బోర్డుతో డేటా ఇచ్చిపుచ్చుకునే దారులు, అంటే లేన్లు, ఎనిమిదే ఉంటాయి, బి450 మీద అవి పాత తరమైన పీసీఐఈ 3.0 వేగంతోనే నడుస్తాయి. నేను ఆడేది 1080పీలో కనుక నాకు పెద్ద తేడా తెలియలేదు, గ్రాఫిక్స్ మెమరీని నిండా వాడే ఆటలు ఆడేవారికి తెలియవచ్చు.

మా పిన్ని కొడుకు ఇప్పుడు బి650 బోర్డుతో రైజెన్ 9000 శ్రేణి ప్రాసెసర్ పెట్టుకోవాలని చూస్తున్నాడు. ఆ ప్రాసెసర్లు 2024లో వచ్చాయి, బోర్డులు అంతకుముందువి కాబట్టి పాత స్టాకు దొరికితే వాడికీ ఇదే చిక్కు రావచ్చు. వెనుక ఈ బటన్ ఉన్నదే తీసుకోమని చెప్పాను. అయితే వాడు ఉండేది సికింద్రాబాద్‌లోనే. డిస్‌ప్లే రాకపోతే బోర్డును సంచిలో వేసుకుని దుకాణానికి వెళ్లి, బయాస్ మార్పించుకుని భోజనం వేళకు ఇంటికి రాగలడు. నాకైతే అది పోనూ రానూ దాదాపు 280 కిలోమీటర్లు.