ఏ అవార్డు మేలు? బరంపురంలో మా ఇంటి పంచాయితీ

71వ జాతీయ సినిమా అవార్డులు ప్రకటించిన సాయంత్రం, అంటే 2025 ఆగస్టు 1న, ఒడిశాలోని బరంపురంలో మా అప్ప (అక్క) ఇంట్లో పకోడీలు ప్లేటులోనే చల్లారిపోయాయి. మేనల్లుడు ఫోన్ చూసి ఒక్కో పేరూ చదువుతున్నాడు, మా బావ ఒక్కోదానికీ వంక పెడుతున్నాడు. ఉత్తమ తెలుగు చిత్రం 'భగవంత్ కేసరి' అనేసరికి బావ కుర్చీలోంచి లేచాడు.

“మరి 'బలగం' ఏమైందిరా? 'బేబీ' ఏమైంది?”

ఏమీ కాలేదు, రెండూ జాబితాలో ఉన్నాయి. 'బేబీ'కి స్క్రీన్‌ప్లే అవార్డు వచ్చింది, తమిళ సినిమా 'పార్కింగ్'తో పంచుకున్నారు. అందులో పాట పాడిన పి.వి.ఎన్.ఎస్. రోహిత్‌ ఉత్తమ గాయకుడయ్యాడు. 'బలగం'లో 'ఊరు పల్లెటూరు' పాట రాసినందుకు కాసర్ల శ్యామ్‌కి గేయ రచయిత అవార్డు. 'హనుమాన్'కీ, 'గాంధీ తాత చెట్టు'లో నటించిన పాపకీ కూడా వచ్చాయి. ఇవన్నీ వాడు చదివేలోపే బావ వినడం మానేశాడు. ఉత్తమ నటుడు షారుక్ ఖాన్, విక్రాంత్ మాస్సే ఇద్దరూ అనగానే మేనల్లుడు కూడా ఫోన్ పక్కన పెట్టేశాడు.

మర్నాడు పొద్దున ఉప్మా ఘుగుని బండి దగ్గరా అదే గొడవ. అక్కడ ఒడియా మిత్రులు కూడా కలిశారు కాబట్టి సగం ఒడియాలో, సగం తెలుగులో. అప్పుడు మేనల్లుడే అడిగాడు: “మావయ్యా, అసలు ఏ అవార్డుకి విలువ ఇవ్వాలి? ఢిల్లీ జ్యూరీదా, హైదరాబాద్ ప్రభుత్వందా, మనం ఓటేసేదా, అమెరికాదా?”

వాడికి ఆ పూట నేను సరిగ్గా చెప్పలేకపోయాను. ఇప్పుడు చెబుతున్నాను. నా కొలబద్ద ఒక్కటే: ఆ అవార్డు రాకపోయుంటే నేను ఆ సినిమా చూసేవాణ్నా? సరిహద్దుకి ఇవతల ఉన్నవాళ్లకి ఈ ప్రశ్న మిగతావాళ్లకంటే ముఖ్యం. పెద్ద హీరో సినిమా బరంపురం హాల్లోకి దానంతటదే వస్తుంది. చిన్న సినిమా రాదు. వస్తే ఇచ్ఛాపురం దాకా వస్తుంది, బస్సెక్కి వెళ్లాలి. వెళ్లాలంటే ఎవరో ఒకరు “ఇది చూడండి” అని చెప్పాలి.

ముందు ఓట్ల సంగతి తేల్చేస్తాను, దానికి ఎక్కువసేపు పట్టదు. ఒక అవార్డుల పోటీకి, పేరెందుకులెండి, ఫోన్లో ఓటింగ్ పెట్టారు. మా మేనల్లుడు తన ఫోను, వాళ్లమ్మ ఫోను, నాయనమ్మ ఫోను, చివరికి పక్కింటి పాపడాల వ్యాపారి ఫోను కూడా తీసుకుని ఓట్లు గుద్దాడు. నాయనమ్మకి ఆ హీరో ఎవరో తెలియదు. గెలిచాక ఇంట్లో అందరికీ మిఠాయి పంచాడు. అది వాడి సరదా, తప్పుపట్టను. కానీ అక్కడ గెలిచింది సినిమా కాదు, ఫోన్ల లెక్క. ఫిల్మ్‌ఫేర్ లాంటి పాత సంస్థలు పాఠకుల మాటతో పాటు విమర్శకుల అవార్డు కూడా విడిగా ఇస్తాయి. నన్నడిగితే ఆ విమర్శకుల గది ఒక్కటే చూడదగ్గది. మిగతాది వేదిక మీద డాన్సులు చూడటానికి బాగుంటుంది.

రాష్ట్ర ప్రభుత్వాల అవార్డుల దగ్గర మా బావ మనసు మెత్తబడుతుంది. ఆయన తరానికి నంది అంటే నందే. 1964లో మొదలైంది, తొలి స్వర్ణ నంది 'డాక్టర్ చక్రవర్తి'ది. స్వర్ణం, రజతం, కాంస్యం అని మూడు సినిమాలకి ఇవ్వడం వల్ల ఒక పెద్ద సినిమా పక్కన రెండు చిన్న సినిమాలకీ చోటుండేది. కానీ 2017 నవంబరులో ఏం జరిగిందో గుర్తుందా? 2014, 15, 16, మూడేళ్ల నందులు ఒక్కసారే ప్రకటించారు. ఎవరి వర్గానికి ఎన్ని, ఏ కుటుంబానికి ఎన్ని అని టీవీల్లో రోజుల తరబడి లెక్కలేశారు. అప్పుడు బావ ఒక మాటన్నాడు: “పెళ్లికి ముగ్గురు పెళ్లికొడుకుల్ని ఒకే పీట మీద కూర్చోబెడితే గొడవ కాక ఏమవుతుంది?”

ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వం గద్దర్ పేరుతో ఇస్తోంది. 2024 సినిమాలకు 'కల్కి 2898 ఏడీ' ఉత్తమ చిత్రం, 'పుష్ప 2'కి అల్లు అర్జున్ ఉత్తమ నటుడు, '35 చిన్న కథ కాదు'కి నివేదా థామస్ ఉత్తమ నటి. మొదటి రెండూ నేను ఎలాగూ చూశాను. మూడోది ఈ అవార్డు చూశాకే చూశాను, లెక్కలు ఒంటబట్టని పిల్లాడి కథ. కాబట్టి గద్దర్‌కి నా కొలబద్ద మీద ఒక మార్కు పడింది.

అయినా ఒక చిన్న బాధ ఉంది, చెప్పక తప్పదు. నందీ మాది కాదు, గద్దరూ మాది కాదు. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు మా ఊరు అటు వెళ్లింది. మా పన్నులు భువనేశ్వర్‌కి, మా చప్పట్లు హైదరాబాద్‌కి. ఒడియా సినిమాలకి రాష్ట్రం అవార్డులిస్తే మా తెలుగిళ్లలో ఎవరికీ పట్టదు, తెలుగు ప్రభుత్వాలు ఇస్తే ఆ వేదిక మీద మేం ఎవరిమీ కాము. రెండు జాబితాలూ ఒకే కాగితం మీద కనిపించేది ఢిల్లీ అవార్డుల్లోనే. ఇది మనసులో పెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ఇక అమెరికా. 2023 మార్చిలో 'నాటు నాటు'కి ఆస్కార్ వచ్చిన రోజు మావాడు కాలేజీకి వెళ్లలేదు. వాళ్ల ఒడియా స్నేహితులు ఇంటికొచ్చి మరీ ఆ స్టెప్పు వేశారు. ఆ ఆనందాన్ని తక్కువ చేసే మనిషిని కాను. కానీ ఒక విచిత్రం గమనించారా? ఆ పాట రాసిన చంద్రబోస్‌కే అదే ఏడాది ఆగస్టులో జాతీయ అవార్డు కూడా వచ్చింది. 'నాటు నాటు'కి కాదు, 'కొండపొలం' సినిమాలో 'ధం ధం ధం' పాటకి. ఒకే మనిషి, ఒకే ఏడాది, రెండు పెద్ద గౌరవాలు, రెండు వేరే పాటలు.

ఆస్కార్ పాట అప్పటికే మా గల్లీలో చిన్నపిల్లలకి కూడా వచ్చు. రెండో పాట మా ఇంట్లో ఎవరూ వినలేదు. ఆ జాబితా చూసి వెతికి, ఆ రాత్రే సినిమా మొత్తం చూశాం. నల్లమల అడవిలోకి గొర్రెల్ని తోలుకెళ్లే కాపరుల కథ, సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి నవల ఆధారంగా తీసింది. సినిమా నడక కొంచెం నెమ్మది, మావాడు మధ్యలో రెండుసార్లు ఫోన్ చూశాడు. కానీ పాట వచ్చినప్పుడు చూడలేదు. ఇక్కడ నాకు తేడా స్పష్టంగా తెలిసింది. ఆస్కార్ మనకి తెలిసినదాన్ని లోకానికి చూపించింది. జాతీయ అవార్డు మనకి తెలియనిదాన్ని మనకే చూపించింది. మొదటిది గర్వం. నాకు ఎక్కువ పనికొచ్చేది రెండోది.

జాతీయ అవార్డుల్లోనూ అన్ని గదులూ ఒకటి కాదు. జనం కొట్టుకునేది ఉత్తమ నటుడి దగ్గర. 2023 ఆగస్టు 24న 'పుష్ప'కి అల్లు అర్జున్ పేరు చెప్పగానే మావాడు గంతులేశాడు, తెలుగు నటుడికి అది మొదటిసారి మరి. బావ మాత్రం “'జై భీమ్'కి ఒక్కటీ ఇవ్వలేదు” అని మూతి ముడుచుకున్నాడు. మాస్ సినిమాకి జాతీయ అవార్డేంటని కూడా అన్నాడు.

అక్కడ మా అప్ప కలగజేసుకుంది. వంటింట్లోంచే అంది: “విజయశాంతికి 'కర్తవ్యం'కి ఇచ్చినప్పుడు అది మాస్ సినిమా కాదా?”

నిజమే. ఆ మాట మేం ముగ్గురం మగవాళ్లం మర్చిపోయాం. తెలుగు సినిమాకి ఉత్తమ నటి అవార్డు మొదట 1978 సినిమా 'నిమజ్జనం'కి శారద తెచ్చింది. తర్వాత 1988 నాటి 'దాసి'కి అర్చన, 1990 నాటి 'కర్తవ్యం'కి విజయశాంతి, 2018 నాటి 'మహానటి'కి కీర్తి సురేశ్. నలుగురు ఆడవాళ్లు అందుకున్నాక ఒక మగవాడికి వచ్చింది. వాళ్లకి వచ్చినప్పుడు టపాసులు కాల్చిన గుర్తు నాకు లేదు. ఆ నాలుగింట్లో మొదటి రెండూ మా అప్ప కూడా చూడలేదు. 'మహానటి'కి మాత్రం మా ఇంట్లో ఒక్కరూ వంక పెట్టలేదు. మా అమ్మకి సావిత్రి అంటే ఎంత ప్రాణమంటే, సినిమా అయ్యాక “ఆ అమ్మాయి బాగానే చేసింది గానీ సావిత్రి కాదు” అని ఏడుస్తూ అంది. అంతకుమించిన జ్యూరీ తీర్పు నేను వినలేదు.

ఉత్తమ నటుడి గది కంటే నాకు ఇష్టమైనది భాషా చిత్రాల గది. దానికీ తిక్కలున్నాయి. 2015 సినిమాల్లో దేశానికే ఉత్తమ చిత్రం 'బాహుబలి', ఉత్తమ తెలుగు చిత్రం మాత్రం 'కంచె'. 2021కి 'ఆర్ఆర్ఆర్'కి ఆరు అవార్డులిచ్చి, ఉత్తమ తెలుగు చిత్రం 'ఉప్పెన' అన్నారు. దేశంలో ఫస్టొచ్చినవాడు సొంత క్లాసులో ఫస్టు కాకపోవడం ఏంటని మావాడి ప్రశ్న. నాకైతే అది తప్పుగా తోచదు. పెద్దదానికి పెద్ద పీట ఎలాగూ వేశారు, ఈ పీట ఇంకొకరికి మిగిలింది. 2023 సినిమాల విషయంలో బావ కోపం కూడా ఇక్కడిదే. 'భగవంత్ కేసరి' చూడటానికి మాకు ఎవరి సిఫార్సూ అక్కర్లేదు, బాలకృష్ణ సినిమా విడుదల రోజే చూశాం. ఆ పీట 'బలగం'కి వేసుంటే ఎంత బాగుండేది! తెలంగాణ మాట మా చెవులకి సగమే అర్థమవుతుంది, అయినా పిండం ముట్టని కాకి కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూసే ఆ దృశ్యం అర్థం కావడానికి భాష అవసరం లేదు. ఈ ఒక్క ఏడాది జ్యూరీ నా కొలబద్దకి అందలేదు, బావ గెలిచాడు.

కానీ అంతకుముందు ఏడాది సంగతి వేరు. 2022 సినిమాలకి, 2024 ఆగస్టులో, ఉత్తమ తెలుగు చిత్రం 'కార్తికేయ 2', ఉత్తమ ఒడియా చిత్రం 'దమన్'. ఇందాక చెప్పిన ఒకే కాగితం ఇదే. మా బండి దగ్గర తెలుగువాళ్లు మొదటిది, ఒడియావాళ్లు రెండోది చూసి ఉన్నారు. ఏది మేలని పందెం వేసుకుని, వారం రోజుల్లో అందరం రెండూ చూశాం.

'కార్తికేయ 2' హాయిగా సాగుతుంది. కృష్ణుడి కడియం వెతకడం, పరుగులు, పజిళ్లు. హిందీలో ఎందుకు అంత ఆడిందో చూస్తే తెలుస్తుంది. అవార్డు లేకపోయినా ఏదో ఒక పండక్కి టీవీలో చూసేవాళ్లమే.

'దమన్' మాత్రం మేం చూసేవాళ్లం కాము. మల్కన్‌గిరి జిల్లాలో వంతెన లేని ఊళ్లకి ఒక కుర్ర డాక్టరు వెళతాడు, మలేరియాతో పోరాటం. అంతే కథ. కొన్నిచోట్ల హీరోయిజం ఎక్కువైంది, నేపథ్య సంగీతానికి చెవులు చిల్లులు పడతాయి. కానీ ఆ ఊళ్లు ఎక్కడివనుకున్నారు? సీలేరు మీద బలిమెల జలాశయం కట్టినప్పుడు మూడు పక్కలా నీళ్లు చుట్టుముట్టి మిగిలిపోయిన 151 గ్రామాలు. నాలుగో పక్క ఆంధ్రా కొండలు. కరెంటు తీసే ఆ నీళ్లు ఒడిశా, ఆంధ్రా రెండూ పంచుకుంటాయి. 2018లో గురుప్రియ వంతెన వచ్చేదాకా వాళ్లకి లాంచీయే గతి. మన ఇంట్లో వెలిగే బల్బుకీ ఆ కథకీ సంబంధం ఉంది. తెలుగు సినిమావాళ్లకి అది పక్క ఊరు, అయినా తీసింది ఒడియావాళ్లు.

బావ ఉద్యోగం మీద రెండేళ్లు మల్కన్‌గిరిలో ఉన్నాడు. ఆ రోజులు ఆయన ఎప్పుడూ చెప్పడు. సినిమాలో లాంచీ కనిపించగానే తెర వైపు వేలు చూపించి “ఇంత పెద్దది కాదురా, ఇందులో సగం ఉండేది” అన్నాడు. తర్వాత ఆపకుండా అరగంట మాట్లాడాడు: జ్వరం పట్టినవాణ్ని ఒడ్డుకి మోసుకొచ్చిన రాత్రి గురించి, ఆ తర్వాత తనకే జ్వరం పట్టిన సంగతి. మావాడు సినిమా ఆపేసి విన్నాడు. తండ్రికి మలేరియా వచ్చిందని వాడికి అప్పుడే తెలిసింది.

అందుకే మేనల్లుడికి నా జవాబు ఇది: జాతీయ అవార్డు మేలు, అందులోనూ పై మూడు నాలుగు పేర్లు వదిలేసి కింది వరుసలు చదువు. ఓటింగు వాడి సరదా కోసం ఉంచుకోమన్నాను, నాయనమ్మ ఫోను మాత్రం ముట్టుకోవద్దన్నాను.

వాడు 2025 జాబితా మళ్లీ తీశాడు. ఉత్తమ ఒడియా చిత్రం 'పుష్కర'. మా ముగ్గురిలో ఎవరూ చూడలేదు. ఆదివారానికి బావ పకోడీలు తనే తెస్తానన్నాడు.