సముద్రంలో దిగినవాళ్ళని లెక్కపెట్టని ట్రయాథ్లాన్‌కి డబ్బు కట్టకండి: శ్రీకాకుళం నుంచి ఒక హెచ్చరిక

శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు ట్రయాథ్లాన్‌కి ప్రాక్టీస్ చేస్తున్నవాళ్ళు, ముఖ్యంగా మొదటిసారి 113 కిలోమీటర్ల రేసుకి డబ్బు కట్టబోతున్నవాళ్ళు దయచేసి ఇది చివరిదాకా చదవండి. కిందటి అక్టోబర్‌లో నేనూ మా తమ్ముడూ ఒక ప్రైవేటు నిర్వాహకుడి దగ్గర ప్యాకేజీ కొనుక్కుని కళింగపట్నం తీరంలో రేసుకి దిగాం. ఎంట్రీ ఫీజు ఇద్దరికీ 19,000, వెట్‌సూట్లు (ఈతకి వేసుకునే రబ్బరు సూట్లు) రెండు 22,000, నా సైకిల్‌కి అద్దెకిచ్చిన కార్బన్ చక్రాలు 6,500. మొత్తం 47,500 రూపాయలు. డబ్బు పోతే పోయింది, మళ్ళీ సంపాదించుకుంటాం. ఆ రోజు ఒక గంటకి పైగా మా తమ్ముడు నీళ్ళలో ఉన్నాడో ఒడ్డుకి చేరాడో చెప్పగలిగిన మనిషి అక్కడ ఒక్కరు కూడా లేరు. నేను ఇది రాస్తున్నది అందుకు.

నిర్వాహకుడి పేరు ఇక్కడ రాయడం లేదు. ఫిర్యాదు వేస్తున్నాం కాబట్టి పేరు అక్కడే చెప్తాను.

కొత్తవాళ్ళ కోసం ఒక ముక్క. ఈ రేసులో ముందు 1.9 కిలోమీటర్ల ఈత, బయటికి రాగానే 90 కిలోమీటర్ల సైకిల్, దిగగానే 21.1 కిలోమీటర్ల పరుగు. గోవా మిరామార్ బీచ్‌లో 2019 నుంచి ఐరన్‌మ్యాన్ (దేశదేశాల్లో ట్రయాథ్లాన్ రేసులు నడిపే కంపెనీ) వాళ్ళు పెడుతున్నది ఈ దూరమే. గోవా వెళ్ళాలంటే సైకిల్ విప్పి పెట్టెలో సర్దాలి, రైలు, హోటలు, సెలవులు. అదే మనింటికి పాతిక కిలోమీటర్లలో రేసు అంటే ఎవరికైనా ప్రాణం లేచొస్తుంది. మాకూ అలాగే లేచొచ్చింది. నాగావళి ఒడ్డున పెరిగినవాళ్ళం, ఈత మా నాన్నగారు నేర్పారు. ఏడు నెలలు పొద్దున్నే నాలుగున్నరకి లేచి తయారయ్యాం.

అక్టోబర్ రెండో వారం అన్నప్పుడే నేను అడగాల్సింది. మన తీరంలో అక్టోబర్ అంటే ఏమిటో ఇక్కడ పుట్టినవాళ్ళకి చెప్పక్కర్లేదు. 2013లో ఫైలిన్ అక్టోబర్ 12న, 2014లో హుద్‌హుద్ సరిగ్గా అదే తేదీన. 2018లో తిత్లీ అక్టోబర్ 11న పలాస దగ్గర తీరం దాటితే ఉద్దానంలో మా పెద్దమ్మ వాళ్ళ కొబ్బరితోటలో నిలబడ్డ చెట్టు లేదు. 2021 సెప్టెంబర్ 26న గులాబ్ ఈ కళింగపట్నానికి కాస్త ఉత్తరంగానే దాటింది. ఇన్ని తెలిసీ, వాతావరణం బాగోకపోతే ఏం చేస్తారని ఒక్క మాట అడగకుండా ఫోన్‌పే చేసేశాను.

రేసుకి ముందు రోజు సాయంత్రం శ్రీకాకుళంలో మీటింగ్ పెట్టారు. అప్పటికే బంగాళాఖాతంలో అల్పపీడనం వాయుగుండంగా మారింది. వేటకి వెళ్ళొద్దని మత్స్యకారులకి హెచ్చరిక వచ్చింది. కళింగపట్నం, భీమిలి, విశాఖ పోర్టుల్లో మూడో నంబర్ ప్రమాద సూచిక ఎగరేశారని టీవీలో చెప్తున్నారు. మూడో నంబర్ అంటే పోర్టుకి ఈదురుగాలుల ముప్పు ఉందని అర్థం. విజయనగరం నుంచి వచ్చిన ఒకాయన లేచి ఈత తీసేస్తారా అని అడిగారు. స్టేజీ మీదున్నాయన, "సముద్రమంటే అలలుంటాయి కదండీ, భయపడేవాళ్ళు రానక్కర్లేదు" అన్నాడు. హాల్లో చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

పొద్దున్న ఐదున్నరకి బీచ్‌కి వెళ్ళేసరికి పడవలన్నీ సరుగుడు తోట దాకా లాగేసి ఉన్నాయి. నీలం పాలిథిన్ పట్టా కింద ఐదారుగురు వల బాగుచేసుకుంటున్నారు. అందులో ఒక పెద్దాయన మా ఇద్దరి నంబర్లు చూసి దగ్గరికి వచ్చాడు. "అమ్మా, రాత్రి నుంచి గాలి తిరిగిపోనాది. మేమే ఎల్లనేదు. మీరేటి దిగుతన్నారు? మొగ కాడ లాగేస్తాది" అన్నాడు. వంశధార సముద్రంలో కలిసే చోటుని ఇక్కడ మొగ అంటారు. పై నుంచి వానలకి ఏరు నిండి వస్తోంది. నీళ్ళు టీ రంగులో ఉన్నాయి. "వీళ్ళ బోట్లు ఉంటాయి లెండి బాబాయ్" అన్నాను.

కాగితం మీద ఎనిమిది బోట్లు, చిన్న తెడ్డు పడవల్లో కాపలా ఉండే కయాకర్లు పన్నెండుమంది. వచ్చినవి రెండు బోట్లు. అందులో ఒకటి అలలు దాటలేక ఒడ్డుకే తిరిగొచ్చింది. నీళ్ళ మీద తేలుతూ దారి చూపే బోయలకి లంగర్లు లేవు, ఇసుక బస్తాలు కట్టి వదిలారు. గాలికి రెండో బోయ మా కళ్ళముందే పక్కకి జారిపోతోంది. కాలికి కట్టుకునే టైమింగ్ చిప్పులు ఇస్తామన్నారు, ఆఖరికి చేతి మీద స్కెచ్ పెన్నుతో నంబరు రాశారు. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ అసలు సంగతంతా ఇక్కడే ఉంది. చిప్పు కేవలం మన టైము చూసుకోవడానికి కాదు. నీళ్ళలోకి వెళ్ళేటప్పుడు చిప్పుని గుర్తుపట్టే ఒక చాప మీద నుంచి, బయటికొచ్చేటప్పుడు ఇంకో చాప మీద నుంచి నడుస్తాం. లోపలికెళ్ళినవాళ్ళలో ఎవరు ఇంకా బయటికి రాలేదో కంప్యూటర్‌లో పేరుతో సహా కనిపిస్తుంది. చిప్పు లేకపోతే కనీసం ఇద్దరు మనుషులు పుస్తకం పట్టుకుని నిలబడాలి. అక్కడ మైకు పట్టుకున్న కుర్రాడు తప్ప ఎవరూ లేరు.

నేను 52 నిమిషాలకి బయటపడ్డాను. రెండుసార్లు ఉప్పునీళ్ళు మింగాను, జారిపోయిన బోయ కోసం వెతుక్కుంటూ ఎంత దూరం ఎక్కువ ఈదానో తెలియదు. మామూలుగా తమ్ముడు నాకంటే ముందుంటాడు. సైకిళ్ళు పెట్టిన చోట చూస్తే వాడి హెల్మెట్ హ్యాండిల్ మీద అలాగే ఉంది, సాక్సులు చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. వాడు ఇంకా రాలేదన్నమాట. వెనక్కి పరుగెత్తి మైకు కుర్రాణ్ణి అడిగాను. "వచ్చేసి సైకిల్ ఎక్కుంటారు మేడమ్" అన్నాడు. ఇంకా ఎంతమంది లోపలున్నారు అన్నాను. తెలీదన్నాడు. గోవా లాంటి చోట ఈతకి గంటా పది నిమిషాలే గడువు, అది దాటితే బోటు ఎక్కించేస్తారు. ఇక్కడ ఆ గడువు దాటిపోయినా ఒక్క విజిల్ మోగలేదు.

చివరికి కదిలింది ఆ పట్టా కిందున్నవాళ్ళే. నేను అరుస్తుంటే విని, ముగ్గురు ఫైబర్ పడవ తోసుకుని అలల్లోకి వెళ్ళారు. మొదటి అలకి పడవ ముక్కు నిలువుగా లేచింది. అరగంట తర్వాత నలుగురిని తీసుకొచ్చారు, అందులో మా తమ్ముడొకడు. పెదాలు తెల్లగా పాలిపోయాయి, వాంతులవుతున్నాయి, నా పేరు పిలుస్తున్నాడు గానీ నన్ను చూడటం లేదు. అప్పటికి నీళ్ళలో దిగి గంటా నలభై నిమిషాలు. వాళ్ళు పడవకి డీజిల్ డబ్బులు కూడా తీసుకోలేదు.

వెట్‌సూట్ గురించి ఉన్నదున్నట్టు చెప్పాలి. అది తేలే రబ్బరు సూటు కాబట్టే తమ్ముడు అంతసేపు మునగకుండా ఉన్నాడు, ఆ మాట వాడే చెప్పాడు. కానీ దాన్ని మాకు అమ్మిన తీరు మోసం. వెట్‌సూట్ చన్నీళ్ళ కోసం. ఐరన్‌మ్యాన్ నిబంధనల్లో మనలాంటి మామూలు పోటీదారులకి నీళ్ళు 24.5 డిగ్రీల లోపు ఉంటేనే అది పూర్తిగా చెల్లుతుంది. ఆపైన వేసుకుంటే బహుమతులకి అర్హత ఉండదు, 28.8 దాటితే అసలు వేసుకోనివ్వరు. ఆ పొద్దున్న వాళ్ళే మైకులో నీళ్ళు 28 డిగ్రీలున్నాయని చెప్పారు. వేడినీళ్ళలో రబ్బరు సూటుతో అంతసేపు కొట్టుకుంటే ఒళ్ళు ఉడికిపోతుంది. వాంతులకి అదీ ఒక కారణమని ఆసుపత్రిలో డాక్టర్ అన్నారు. "మన సముద్రానికి ఇది తప్పనిసరి" అని ఎవరైనా 11,000కి అంటగట్టబోతే కొనకండి.

తమ్ముణ్ణి మా మరిది కారులో శ్రీకాకుళం పంపించాక నేను సైకిల్ ఎక్కాను. ఎందుకు ఎక్కానో ఇప్పటికీ మా ఆయనకి సమాధానం చెప్పలేకపోతున్నాను. ఏడు నెలల ప్రాక్టీసు అలా లాగేసింది. వాన మొదలైంది. గార వైపు రోడ్డుకి రెండు పక్కలా వరిచేలే, గాలికి అడ్డం ఏమీ ఉండదు. అద్దెకిచ్చిన చక్రాలకి 60 మిల్లీమీటర్ల లోతు రిమ్ములు. పక్కగాలి కొడితే అవి తెరచాపలా పట్టేస్తాయి, నా బరువు 54 కేజీలు. తాటిచెట్టు చాటు నుంచి బయటపడ్డ ప్రతిసారీ సైకిల్ రెండడుగులు రోడ్డు మధ్యకి వెళ్ళిపోయేది. ఒక కల్వర్టు దగ్గర గేదెలు అడ్డం వస్తే బ్రేకు రెండు చేతులతో నొక్కాను. పట్టలేదు. తడిసిన కార్బన్ రిమ్ము మీద బ్రేకు ఆలస్యంగానే పడుతుంది, అది నాకు తెలుసు. కానీ ఇది అసలు పట్టలేదు. చేలోకి దింపేసి బురదలో పడ్డాను, మోకాలికి ఐదు కుట్లు. లేచి చూస్తే రిమ్ము నిండా కాటుకలా నల్లటి పేస్టు. కార్బన్ రిమ్ములకి వేరే బ్రేక్ ప్యాడ్లుంటాయి. వీళ్ళు అల్యూమినియం చక్రాలకి వేసే మామూలు రబ్బరు ప్యాడ్లే ఉంచి చక్రాలు మాత్రం మార్చి ఇచ్చారు. అద్దెకి తీసుకునేటప్పుడు ప్యాడ్లు కూడా మార్చారా అని అడిగి, రోడ్డు మీద నీళ్ళు పోసి ఒకసారి నొక్కి చూసుకోండి. వాన సూచన ఉంటే లోతు రిమ్ములు వద్దే వద్దు.

నా రేసు అక్కడితో ఆగింది. పరుగు దాకా వెళ్ళినవాళ్ళు చెప్పింది వింటే, మధ్యాహ్నం వాన తెరిపిచ్చి ఎండ కాసిందట, ఉక్కపోతకి ఒళ్ళంతా చెమట ధారలు. నీళ్ళ స్టాళ్ళలో ఓఆర్ఎస్ అని పెట్టినవి తియ్యటి డ్రింకు డబ్బాలు. అంత చెమట పట్టినప్పుడు ఉప్పు లేకుండా నీళ్ళూ తీపీ తాగుతూ పోతే రక్తంలో సోడియం పడిపోతుంది. మన హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ గారు ఏళ్ళ తరబడి పోరాడాక 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకుల మీద ఓఆర్ఎస్ అనే మాట వాడకూడదని చెప్పింది. మందుల షాపులో దొరికే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా అని రాసున్న పొడి ప్యాకెట్లు మీరే జేబులో పెట్టుకెళ్ళండి.

డబ్బు అడిగితే వచ్చిన జవాబు: "వాతావరణం మా చేతుల్లో లేదు, ఎట్టి పరిస్థితుల్లోనూ వాపసు ఉండదని మీరు సంతకం పెట్టారు." వాతావరణం గురించి నేను అడగలేదు. ఎనిమిది బోట్లకి డబ్బు తీసుకుని రెండు తెచ్చారు, చిప్పులకి తీసుకుని స్కెచ్ పెన్ను తెచ్చారు. అది సేవాలోపం. వాతావరణానికి తలవంచడం వాళ్ళకి చేతకాదు గానీ పెద్దపెద్ద రేసులు తలవంచాయి. న్యూజిలాండ్‌లోని తౌపోలో 2012 మార్చిలో తుఫాను గాలులొస్తే ఫుల్ ఐరన్‌మ్యాన్‌ని (మా రేసుకి రెట్టింపు దూరం) ఆ రోజు ఆపేసి, మర్నాడు సగం దూరానికి నడిపారు. అదే ఊళ్ళో 2006లో ఈత మొత్తం తీసేశారు. దానివల్ల ఆ రేసు పరువేమీ పోలేదు.

కాబట్టి డబ్బు కట్టే ముందు ఫోన్‌లో కాదు, వాట్సాప్‌లో రాసి అడగండి. నీళ్ళలోంచి బయటికొచ్చేవాళ్ళని ఎవరు లెక్కపెడతారు, ఎలా? ఈత రద్దు చేసే అధికారం ఎవరిది, ఏ హెచ్చరిక వస్తే చేస్తారు? బోట్లు ఎన్ని, ఎవరివి, ఆ ఊరి మత్స్యకారులు ఉంటారా? రద్దయితే నా డబ్బులో ఎంత తిరిగిస్తారు? సూటిగా రాసిస్తే వెళ్ళండి. "అవన్నీ మేం చూసుకుంటాం" అంటే వదిలెయ్యండి. రేసు వారంలో వాతావరణ శాఖ, ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ) సముద్ర హెచ్చరికలు మీరే చూసుకోండి. పొద్దున్న బీచ్‌కి వెళ్ళగానే పడవలు ఎక్కడున్నాయో చూడండి. ఒడ్డు మీదకి లాగేసి ఉంటే మీరు కూడా దిగకండి.

మాతోపాటు ఆ రోజు డబ్బు కట్టినవాళ్ళకి ఒక మాట. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో రెండేళ్ళలోపు కేసు వెయ్యొచ్చు. కట్టిన మొత్తం 5 లక్షల లోపయితే ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి దగ్గర్నుంచే వెయ్యొచ్చు. చేతి మీద నంబరు రాసిన ఫోటో, జారిపోయిన బోయ వీడియో ఏమున్నా దాచండి, వాట్సాప్ గ్రూపులోంచి బయటికి రాకండి, మెసేజీలు పోతాయి. ఆ నలుగురిలో మిగతా ముగ్గురు ఎవరో మాకింకా తెలియలేదు. మీరు ఇది చదువుతుంటే కింద ఒక్క మాట రాయండి, తమ్ముడు మిమ్మల్ని కలవాలంటున్నాడు.