ఇంట్లో ఆర్కేడ్ క్యాబినెట్: సొంతంగా కట్టాలా, రెడీమేడ్‌ది మార్చాలా, పాతది బాగుచేయాలా?

ఆర్కేడ్ మెషీన్ ఇంట్లో పెట్టుకోవాలనుకునేవాళ్లకి దారులు మూడు. ప్లైవుడ్ కోసి మొదటినుంచీ సొంతంగా కట్టుకోవచ్చు. ముప్పావు సైజులో వచ్చే రెడీమేడ్ మెషీన్ కొని లోపలి సరుకు మార్చుకోవచ్చు. లేదా ఎనభైల్లోనో తొంభైల్లోనో గేమ్ సెంటర్లలో నడిచిన అసలు మెషీన్ సంపాదించి బాగుచేసుకోవచ్చు. చాలామంది ఖర్చు చూసి ఈ మూడింట్లో ఒకటి తేల్చేసుకుంటారు. నేను మాత్రం ముందు కంట్రోల్ ప్యానెల్, అంటే జాయ్‌స్టిక్, బటన్లు బిగించి ఉండే పలక, చూడమంటాను. చేతులు గంటల తరబడి ఉండేది దాని మీదే. అది చేతికి కుదరకపోతే మెషీన్ ఎంత అందంగా ఉన్నా నెల తిరిగేసరికి మూలన పడుతుంది.

రెడీమేడ్ మెషీన్ల సంగతి మొదట చూద్దాం. ఆర్కేడ్‌వన్‌అప్ అనే కంపెనీ 2018లో ఈ ముప్పావు సైజు మెషీన్లు తెచ్చాక ఈ హాబీలోకి వచ్చేవాళ్లు బాగా పెరిగారు. పెట్టె విప్పి, స్క్రూలు బిగించి, సాయంత్రానికల్లా ఆడుకోవచ్చు. రంపం అక్కర్లేదు, ఇల్లంతా రంపపు పొట్టు ఉండదు. పక్క బొమ్మలు, పైన గేమ్ పేరుండే పలక (మార్కీ) అన్నీ సిద్ధంగా వస్తాయి. అయితే ఎత్తు నాలుగడుగుల లోపే. పెద్దవాళ్లు నిలబడి ఆడాలంటే కింద అడుగు ఎత్తున్న పీట లాంటి రైజర్ పెట్టాల్సిందే, లేదా స్టూల్ మీద కూర్చోవాలి. ఎత్తుకైతే రైజర్ ఉంది గానీ వెడల్పుకి అంత సులువైన మందు లేదు. ఇద్దరు పెద్దవాళ్లు పక్కపక్కన నిలబడి స్ట్రీట్ ఫైటర్ ఆడితే భుజాలు రాసుకుంటాయి, ఒకరి మోచెయ్యి ఇంకొకరి పక్కటెముకల్లోకి వెళ్తుంది.

లోపలి సరుకు మార్చడం అనుకున్నంత కష్టం కాదు. 17 అంగుళాల ఎల్‌సీడీ ప్యానెల్‌ని అలాగే ఉంచి, దానికి హెచ్‌డీఎంఐ ఉన్న కంట్రోలర్ బోర్డు (స్క్రీన్‌ని నడిపేది) తగిలించి, రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతిలో పట్టే కంప్యూటర్ గానీ చిన్న పీసీ గానీ కలిపితే స్క్రీన్ పని అయిపోయినట్టే. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. బోర్డు ఆర్డర్ పెట్టేముందు వెనక తలుపు తీసి, ప్యానెల్ వెనక స్టిక్కర్ మీద ఉన్న మోడల్ నంబర్ రాసుకోవాలి. ఒకే పేరుతో అమ్మిన మెషీన్లలోనూ ప్యానెల్ వేరే ఉండొచ్చు. దానికి తగ్గ బోర్డు కాకపోతే బొమ్మ రాదు, వచ్చినా రంగులు తారుమారవుతాయి. జాయ్‌స్టిక్, బటన్లు కూడా మార్చుకోవచ్చు. ఇంత చేశాక ప్యానెల్ వెడల్పు, బటన్ల మధ్య దూరం నచ్చకపోతే ఆ చెక్క కూడా కొత్తగా చేసుకోవాలి. అక్కడికి వచ్చినవాళ్లు ఎలాగూ సొంతంగా కట్టే పనిలో సగం చేసేసినట్టే. అదేదో మొదటే చేసి ఉండాల్సింది అనిపించడం సహజం.

సొంతంగా కట్టడంలో మొదటి తగువు చెక్క దగ్గరే: ఎండీఎఫా, ప్లైవుడ్డా? ఎండీఎఫ్ అంటే చెక్క పీచుని జిగురుతో అదిమి చేసిన పలక. అది నున్నగా ఉంటుంది, రంగు అద్దంలా పడుతుంది, వంపులు కోసినా అంచు చిట్లదు. కానీ బరువు. ఎనిమిదడుగులకు నాలుగడుగుల షీటు 18 మిల్లీమీటర్ల మందంలో దగ్గరదగ్గర 40 కిలోలు తూగుతుంది. నీళ్లు తగిలితే ఉబ్బుతుంది, ఉబ్బినది మళ్లీ మామూలు కాదు. అంచులోకి నేరుగా స్క్రూ దింపితే పగులుతుంది. కాబట్టి ముందు సన్నటి రంధ్రం వేయాలి, ఇంకా మంచిది లోపలి మూలల్లో చెక్క పట్టీలు వేసి వాటికి బిగించడం. కోసేటప్పుడు లేచే దుమ్ము పిండిలా సన్నగా ఉంటుంది, అందులో ఫార్మాల్డిహైడ్ జిగురు కూడా ఉంటుంది. మంచి మాస్క్ లేకుండా ఎండీఎఫ్ మీద రంపం పెట్టొద్దు. ప్లైవుడ్ తేలిక, స్క్రూని గట్టిగా పట్టుకుంటుంది, నాలుగు ఇళ్లు మారినా మూలలు వదులవ్వవు. అంచుల్లో పొరలు కనిపిస్తాయన్నది ఒక్కటే లోపం. దానికి టీ మోల్డింగ్ ఉండనే ఉంది. నా ఓటు ప్లైవుడ్‌కే.

ఈ టీ మోల్డింగ్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, క్యాబినెట్‌కి గేమ్ సెంటర్ కళ తెచ్చేది అదే. ఇంగ్లీషు టీ అక్షరం ఆకారంలో ఉండే ప్లాస్టిక్ పట్టీ ఇది. చెక్క అంచు మధ్యలో రౌటర్‌కి (చెక్కలో గాడులు తొలిచే కరెంటు పనిముట్టు) స్లాట్ కట్టర్ బిగించి సన్నటి గాడి తీస్తారు. పట్టీ కాడను ఆ గాడిలోకి దూర్చి రబ్బరు సుత్తితో తట్టుకుంటూ పోతారు. గాడి సరిగ్గా మధ్యలో పడకపోతే పట్టీ ఒకవైపు పైకి లేచి, చెయ్యి తగిలినప్పుడల్లా గీసుకుంటుంది. అందుకే అసలు చెక్క మీద రౌటర్ పెట్టేముందు అదే మందమున్న తుక్కు ముక్క మీద లోతు, ఎత్తు సరిచూసుకోవాలి. వంపు దగ్గర కాడలో చిన్న చిన్న వీ ఆకారపు గాట్లు పెడితే పట్టీ ముడత పడకుండా తిరుగుతుంది.

ఇక కంట్రోల్ ప్యానెల్. సొంతంగా కట్టడంలో ఉన్న అసలు లాభం ఇక్కడే కనిపిస్తుంది. నేల నుంచి 36 నుంచి 40 అంగుళాల మధ్య ఎక్కడ చేతులు హాయిగా వాలతాయో మన ఎత్తుని బట్టి మనమే తేల్చుకోవచ్చు. ఇద్దరి జాయ్‌స్టిక్‌ల మధ్య ఎంత దూరం ఉండాలో కూడా అంతే. జాయ్‌స్టిక్‌లలో రెండు తెగలున్నాయి. జపాన్ వాళ్ల సాన్వా తరహాది పైన గుండ్రటి బంతితో తేలిగ్గా, కొద్దిపాటి కదలికకే పలుకుతుంది. బటన్లు మెత్తగా ఉంటాయి, వేలు ఆనించినా పడతాయి. అమెరికన్ హ్యాప్ తరహాది పొడవాటి గదలా ఉంటుంది, గట్టిగా పట్టి లాగాలి, బటన్ లోతుగా నొక్కాలి. ఫైటింగ్ గేములు, బుల్లెట్లు వానలా కురిసే షూటర్లు ఆడేవాళ్లకి సాన్వా మేలు. పిల్లలు, బంధువులు వచ్చి బాదేసే ఇంట్లో హ్యాప్ తట్టుకుంటుంది.

అయితే ఇష్టంతో పాటు చెక్క మందం కూడా చూడాలి. సాన్వా 30 మిల్లీమీటర్ల బటన్లలో టక్కున నొక్కి బిగించే రకం పల్చటి లోహపు ప్యానెల్ కోసం చేసింది, 18 మిల్లీమీటర్ల చెక్కలో దాని కొక్కేలు పట్టవు. జాయ్‌స్టిక్ కాడ కూడా అంత చెక్క దాటి పైకి సరిపడా రాదు. అప్పుడు చెక్కను కింది నుంచి రౌటర్‌తో తొలిచి పల్చన చేయాలి, లేదా పైన లోహపు పలక వేయాలి. హ్యాప్ బటన్లకి పొడవాటి మర, నట్టు ఉంటాయి కాబట్టి ఆ మందమే వాటికి సరిపోతుంది. తొలి క్యాబినెట్ కడుతూ రౌటర్ మీద ఇంకా చెయ్యి తిరగనివాళ్లు హ్యాప్‌తో వెళ్తే తలనొప్పి తక్కువ.

ఇంకో మాట. 1980 నాటి ప్యాక్‌మ్యాన్, 1981 నాటి డాంకీ కాంగ్ నాలుగు దిక్కుల జాయ్‌స్టిక్ కోసం చేసిన గేములు. ఎనిమిది దిక్కుల స్టిక్‌తో ఆడితే మలుపు దగ్గర స్టిక్ మూలకి జారి రెండు స్విచ్‌లు ఒకేసారి పడతాయి, ప్యాక్‌మ్యాన్ సందు వదిలేసి దెయ్యం ఒళ్లోకి వెళ్తాడు. ఆడేవాళ్లు తప్పు తమదే అనుకుంటారు. సాన్వా జేఎల్ఎఫ్ మోడల్ స్టిక్‌కైతే కింద ఉన్న చదరపు గేట్‌ను (స్టిక్ ఎటు కదలాలో కట్టడి చేసే పలక) తీసి 45 డిగ్రీలు తిప్పి పెడితే నాలుగు దిక్కులదవుతుంది. పాత గేములే ఎక్కువ ఆడేవాళ్లు నాలుగు దిక్కులకే ప్రత్యేకంగా మధ్యలో ఒక స్టిక్ పెట్టుకోవడం ఇంకా హాయి.

వైరింగ్ అంటే భయం అక్కర్లేదు. ప్రతి స్విచ్ నుంచి ఒక తీగ ఎన్‌కోడర్‌కి, అంటే బటన్ నొక్కుల్ని కంప్యూటర్‌కి అర్థమయ్యేలా పంపే చిన్న బోర్డుకి, వెళ్తుంది, రెండో కాలు మాత్రం అన్నిటినీ గొలుసులా కలుపుతూ ఒకే గ్రౌండ్‌కి. ఎన్‌కోడర్ యూఎస్‌బీతో కంప్యూటర్‌కి తగులుకుంటుంది. ఎనభైల గేములు, తొంభైల రెండు డైమెన్షన్ల గేములకి రాస్ప్‌బెర్రీ పై 4 చాలు. తొంభైల చివరి త్రీడీ గేములు కావాలంటే చిన్న పీసీ తీసుకోండి. పాత ఆర్కేడ్ గేముల్ని కంప్యూటర్ మీద నడిపే మేమ్ ఎమ్యులేటర్ 1997 నుంచీ ఉచితంగానే దొరుకుతోంది గానీ గేమ్ ఫైళ్లలో చాలావాటికి ఇంకా హక్కుదారులున్నారు. హక్కుదారులే అమ్మే సంకలనాలు కొనుక్కుని అదే పీసీలో పెట్టుకోవడం నిశ్చింత.

స్క్రీన్ విషయంలో కొలత చూసి మోసపోతారు చాలామంది. 24 అంగుళాల వైడ్ మానిటర్ పెడితే పాత 4:3 గేమ్ (వెడల్పు 4 పాళ్లు, ఎత్తు 3 పాళ్లు) అందులో దాదాపు 19.6 అంగుళాల బొమ్మగా వస్తుంది. బాగానే ఉంటుంది. కానీ ప్యాక్‌మ్యాన్ లాంటి నిలువు గేమ్ అదే స్క్రీన్ మీద 14.7 అంగుళాలకి కుంచించుకుపోతుంది. 27 అంగుళాలది పెడితే నిలువు గేమ్ 16.5 దాకా వస్తుంది. నిలువు గేములే ప్రాణమైతే మానిటర్‌నే నిలువుగా బిగించడం మేలు.

ఇక మూడో దారి, పాత అసలు మెషీన్. ఆ సీఆర్‌టీ (పాత టీవీల్లో ఉండే పిక్చర్ ట్యూబ్) గాజు మీద రంగులు వెలిగే తీరు, కదిలే బొమ్మ చెదరకుండా ఉండటం, చెయ్యి కదిపిన వెంటనే తెర మీద కనిపించడం ఎల్‌సీడీలో పూర్తిగా రావు. పాత లైట్ గన్‌లైతే సీఆర్‌టీ లేనిదే పనే చేయవు. 1985లో వచ్చిన జమ్మా అనే ఉమ్మడి ప్రమాణపు వైరింగ్ ఉన్న క్యాబినెట్ దొరికితే అదృష్టమే. 56 పిన్నుల ఆ కనెక్టర్‌కి ఒక గేమ్ బోర్డు తీసి ఇంకోటి తొడిగితే గేమ్ మారిపోతుంది.

కానీ ఇది నిజానికి వేరే హాబీ. చెక్కపని తక్కువ, రిపేరు పని ఎక్కువ. మానిటర్ ఛాసిస్‌లో (తెరని నడిపే సర్క్యూట్ బోర్డులో) కెపాసిటర్లు ఎండిపోయి బొమ్మ ముడుచుకుపోతుంది, వాటిని ఒక్కొక్కటే మార్చాలి. పిక్చర్ ట్యూబ్ యానోడ్ దగ్గర 20 వేల వోల్టులు, ఆ పైన ఉంటుంది, స్విచ్ తీశాక కూడా ఆ చార్జ్ నిలిచే ఉండొచ్చు. ఆ చార్జ్‌ని దింపడం (డిశ్చార్జ్ చేయడం) తెలిసినవాళ్ల దగ్గర నిలబడి నేర్చుకోకుండా చెయ్యి పెట్టే చోటు కాదది. కాప్‌కామ్ కంపెనీ సీపీఎస్-2 లాంటి గేమ్ బోర్డుల్లో బ్యాటరీ అయిపోతే గేమ్ తెరవడానికి కావాల్సిన కీ చెరిగిపోయి, బోర్డు మొండికేస్తుంది. తిరిగి బతికించే పద్ధతులున్నాయి గానీ అవి సోల్డరింగ్ బాగా వచ్చినవాళ్ల పని. పైగా మెషీన్ వంద కిలోలు దాటుతుంది, ఏ తలుపులోంచి లోపలికి వస్తుందో కొనేముందే కొలుచుకోవాలి.

మరి ఏది మేలు? వారంలో ఒక పూట కూడా తీరిక లేనివాళ్లకి, ఆడేది ఎక్కువగా పిల్లలే అయిన ఇంట్లోవాళ్లకి రెడీమేడ్ చాలు. దాన్ని కొద్దిగా మార్చుకుని ఆడుకోండి, మొహమాటం అక్కర్లేదు. ఎలక్ట్రానిక్స్ మీద మక్కువ, ఓపిక రెండూ ఉన్నవాళ్లు పాత మెషీన్ తెచ్చుకోండి. మిగిలిన అందరికీ నేను చెప్పేది సొంతంగా కట్టమనే. కాకపోతే ముందు పూర్తి క్యాబినెట్ జోలికి పోకుండా ప్యానెల్ ఒక్కటే పెట్టెలా చేసుకుని టీవీకి తగిలించి కొన్ని వారాలు ఆడండి. బటన్లు ఎక్కడ ఉండాలో చేతులే చెప్తాయి. ఆ కొలతలతో క్యాబినెట్ మొదలుపెడితే చెక్క వృథా కాదు.

పాత మెషీన్ పెట్టె కావాలి, లోపల మాత్రం పీసీ పెట్టుకుంటాం అనేవాళ్లకి ఒక విన్నపం. పనిచేస్తున్న అసలు మెషీన్ కడుపు చీల్చి ఎల్‌సీడీ పెట్టకండి. సీఆర్‌టీలు కొత్తగా తయారవడం లేదు, పోయినది పోయినట్టే. మానిటర్, బోర్డు ఎప్పుడో పీకేసిన ఖాళీ డొక్కులు అమ్మకానికి వస్తుంటాయి, వాటికోసం కాచుకోండి. అడుగు చెక్క నీళ్లకి ఉబ్బి ఉంటే అంతవరకు కోసి కొత్త ముక్క అతికించవచ్చు, పక్క చెక్కలు నిటారుగా ఉంటే చాలు.