ఫ్లై టైయింగ్ స్టార్టర్ కిట్: ఇందులో కొనాల్సినవి రెండే

వైస్ (హుక్కును బిగించి పట్టేది), కత్తెర, బాబిన్ (దారం రీలును పట్టుకుని సన్నని గొట్టంలోంచి దారం వదిలేది), బాబిన్‌లోకి దారం ఎక్కించే తీగ, బాడ్కిన్ (పిడి ఉన్న సూది), హ్యాకిల్ ప్లయర్స్ (ఈకను పట్టి చుట్టే చిన్న పట్టకారు), విప్ ఫినిషర్ (చివరి ముడి వేసేది), హెయిర్ స్టాకర్ (ఫ్లైలో కట్టే జంతువుల వెంట్రుకల కొసలను సమం చేసే గొట్టం). చేపల గాలానికి ఈకలతో ఫ్లైలు (పురుగుల్లా కనిపించే ఎరలు) కట్టడం నేర్చుకునేవాళ్ల కోసం డబ్బాలో పెట్టి అమ్మే చవక కిట్లలో మామూలుగా ఉండే సరుకు ఇదే. ఈ ఎనిమిదింటిలో కొని తీరాల్సినవి వైస్, కత్తెర మాత్రమే. మిగతావి ఒక పూటలో చేసుకోవచ్చు, కొన్నయితే కిట్‌లో వచ్చేవాటికంటే నయంగా పనిచేస్తాయి.

వైస్ ఎందుకు కొనాలంటే, హుక్కు గట్టి ఉక్కుది. దవడలు దానికంటే మెత్తనైతే నాలుగు ఫ్లైలు కట్టేలోపే గాడి పడుతుంది, ఆ తర్వాత ఏ హుక్కూ నిలవదు. చూసే పద్ధతి తేలిక: ముందు 8వ నంబరు హుక్కు, తర్వాత 16వ నంబరుది బిగించి (నంబరు పెరిగేకొద్దీ హుక్కు చిన్నది) కన్ను (గాలం దారం కట్టే రంధ్రం) దగ్గర వేలితో కిందికి నొక్కండి. కాడ స్ప్రింగులా వంగి మళ్లీ లేవాలి. దవడల్లోనే తిరిగిపోతే ఆ వైస్‌ను వెనక్కిచ్చేయండి. బిగించేటప్పుడు హుక్కు వంపును పట్టించాలి, మొనను కాదు. మొన మీద బిగిస్తే విరుగుతుంది.

కత్తెరకు పరీక్ష చివరి రెండు మిల్లీమీటర్ల దగ్గరే. ఒంటి దారాన్ని ఆ కొసలతో కత్తిరిస్తే తెగాలి, మడత పడకూడదు. తీగలు కోయాల్సి వస్తే కత్తెర మొదలు వైపు వాడండి, కొసలు పాడవవు.

కిట్ అసలు దెబ్బతినేది బాబిన్ దగ్గర. గొట్టం మూతి అంచు గరుకుగా ఉంటే సన్నని దారం నాలుగు చుట్లకోసారి తెగుతుంది. కొత్తవాళ్లు తామే గట్టిగా లాగుతున్నామనుకుంటారు, తప్పు గొట్టానిది. కాస్త దూదిని మూతి చుట్టూ తిప్పండి. పోగులు పట్టుకున్నాయంటే అంచు సరిగా లేదు. పారేయకండి: నూలుదారానికి మెటల్ పాలిష్ పూసి, గొట్టంలోంచి ఏటవాలుగా అన్ని వైపులా లాగుతూ పోతే మూతి నునుపవుతుంది.

బాబిన్‌ను సొంతంగా చేయాలంటే 2 మి.మీ. సైకిల్ చువ్వ, 4-5 సెం.మీ. సన్నని ఇత్తడి గొట్టం చాలు. బట్టల హ్యాంగర్ తీగ వద్దు, అది మెత్తన, వంచిన చోటే ఉండిపోయి రీలును నొక్కదు. చువ్వకు ఆ స్ప్రింగు గుణం ఉంటుంది. దాన్ని నడిమికి ‘వి’ ఆకారంలో వంచి, ఆ మూల దగ్గర గొట్టాన్ని దారంతో దట్టంగా చుట్టి ఎపాక్సీ పూయండి. కాళ్ల కొసలను లోపలికి మడిచి, రీలు రంధ్రాల్లో కూర్చునేలా చిన్న ప్లాస్టిక్ పూసలు అతికించండి. గొట్టం రెండు మూతులకూ పైన చెప్పిన పాలిష్ తప్పనిసరి. ఇయర్‌బడ్ ప్లాస్టిక్ పుల్లను గొట్టంగా వాడేవాళ్లున్నారు. కొన్నాళ్లకే దారం దాంట్లో గాడి కోస్తుంది, ఆ గాడి మళ్లీ దారాన్ని కోస్తుంది.

బిగువు సరిచూడటానికి బాబిన్‌ను హుక్కు నుంచి వేలాడదీయండి. తన బరువుకు తాను కిందికి జారకూడదు, చేత్తో లాగితే దారం తెగకముందే రీలు తిరగాలి. జారితే కాళ్లను లోపలికి, తెగితే బయటికి కొద్దిగా వంచాలి. దారం ఎక్కించే తీగకు బదులు నైలాన్ దారాన్ని మడిచి గొట్టంలోకి తోస్తే సరిపోతుంది.

బాడ్కిన్‌కు డబ్బు పెట్టడం వృథా. ఆరు పలకల పెన్సిల్ ముక్క 8 సెం.మీ. తీసుకోండి. గుండ్రటి పిడి బల్ల మీంచి దొర్లిపోతుంది, ఇది దొర్లదు. మధ్యలో ఉన్న గ్రాఫైట్ మెత్తన కాబట్టి డ్రిల్ బిట్టు దాని వెంటే తిన్నగా దిగుతుంది. ఆ రంధ్రంలో కుట్టుసూదిని కన్ను వైపు నుంచి 1.5 సెం.మీ. దించి ఎపాక్సీతో నింపండి. సూదికి ఎండిన సిమెంటు (ముడి ఊడకుండా ఫ్లై తలకు పూసే జిగురు) పట్టేస్తే, చిన్న డబ్బాలో స్టీల్ ఊల్ కుక్కి అందులో నాలుగుసార్లు గుచ్చి తీయండి.

కిట్‌లోని విప్ ఫినిషర్ చెడ్డదేమీ కాదు, కానీ దాన్ని తిప్పే ఒడుపు అలవడటానికి సమయం పడుతుంది. అంతవరకు రీఫిల్ తీసేసిన బాల్‌పెన్ను మొన హాఫ్‌హిచ్ (ఒక్క చుట్టు ముడి) సాధనంగా పనికొస్తుంది. దారాన్ని తన మీద తానే దాటేలా మొనకు ఒక చుట్టు వేసి, మొనను హుక్కు కన్నుకు ఆనించి, చుట్టును ఫ్లై తల మీదికి జార్చి లాగాలి. ఇలా మూడుసార్లు. కన్ను మొన రంధ్రంలో తేలిగ్గా దూరాలి, దూరకపోతే మొనను కాస్త కోయండి. మొన పక్కన అచ్చు అతుకు గీత కనిపిస్తే గరుకు కాగితంతో రుద్దేయాలి, లేకపోతే చుట్టు అక్కడే ఇరుక్కుంటుంది. దీనికంటే గట్టి ముడి కావాలంటే పనిముట్టే అక్కర్లేదు: సన్నని నైలాన్ దారాన్ని మడిచి, మడత కన్ను వైపు ఉండేలా తల మీద పెట్టి, మడత వైపు జరుగుతూ దాని మీదుగా ఆరు చుట్లు వేసి, దారాన్ని కొంచెం పొడవుగా కోసి మడతలో దూర్చి, నైలాన్ కొసలు రెండూ లాగండి. దారం చుట్ల కిందికి వెళ్లిపోతుంది.

హ్యాకిల్ ప్లయర్స్‌కు చిన్న క్రొకొడైల్ క్లిప్ చాలు, అయితే పళ్లు ఈక కాడను కొరుకుతాయి. రెండు దవడలకూ హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే ప్లాస్టిక్ గొట్టం) తొడగండి. క్లిప్పు బరువైతే ఈక కొస తెగుతుంది, కాబట్టి దొరికిన వాటిలో అతి చిన్నది తీసుకోండి.

హెయిర్ స్టాకర్ ప్లాస్టిక్‌ది వస్తే పక్కన పెట్టండి. స్థిర విద్యుత్తుతో వెంట్రుకలు గోడకు అంటుకుని కొసలు కలవవు. లోహపు గొట్టం రెండు చివర్లూ తిన్నగా కోసి, చదునైన లోహపు మూతలో నిలబెడితే అదే స్టాకర్. గొట్టం అడుగుకూ మూతకూ మధ్య సందు ఉంటే కొసలు అందులోకి దూరి వంగుతాయి, ఆకురాయితో రుద్ది కూర్చోబెట్టండి. జుట్టు వేసేముందు మొదట్లోని మెత్తటి నూగును దువ్వి తీసేయాలి. అది ఉంటే ఏ స్టాకరూ ఎంత తట్టినా కొసలను సమం చేయలేదు.