బత్తాయి తొక్కా, పటికా: ఫ్లోరైడ్ నీళ్లకు ఏది మేలు?

సీజన్‌లో నల్గొండలో ఏ జ్యూస్ బండి పక్కన చూసినా బత్తాయి తొక్కల కుప్పే. వాటితో నీళ్లు శుద్ధి చేసుకోవచ్చని మా తమ్ముడు ఓ వీడియో పంపాడు. సరేనని నాలుగు రోజులు డాబా మీద ఎండబెట్టి, మిక్సీ పట్టి, రెండు చెంచాల పొడి చెంబుడు బోరు నీళ్లలో కలిపాను. తెల్లారేసరికి నీళ్లు టీ రంగుకు తిరిగాయి, పుల్లటి వాసన. తాగలేదు లెండి.

అలాగని వీడియోలో చెప్పింది పూర్తిగా అబద్ధమూ కాదు. తొక్కలో పెక్టిన్ అనే జిగురు పదార్థం ఉంటుంది. నీళ్లలో దానికి రుణావేశం వస్తుంది కనుక, ధనావేశం ఉన్న సీసం, కాడ్మియం లాంటి లోహాలనూ, మిథిలీన్ బ్లూ వంటి రంగులనూ పట్టుకుంటుంది. కానీ మన బోరు నీళ్లలో తంటా ఫ్లోరైడ్‌తో. దానిదీ రుణావేశమే, తొక్క దాన్ని దగ్గరికి రానివ్వదు. అందుకే ల్యాబుల్లో తొక్కకు ముందుగా కాల్షియమో, అల్యూమినియమో, జిర్కోనియమో ఎక్కిస్తారు. ఫ్లోరైడ్‌ను పట్టేది ముఖ్యంగా ఆ లోహమే. మన మిక్సీలో ఆ పని జరగదు.

పటిక సంగతి వేరు. నాగపూర్‌లోని నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థ రూపొందించిన పటిక పద్ధతికి మన ఊరి పేరే పెట్టారు: నల్గొండ టెక్నిక్. సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక వేసి నెమ్మదిగా కలుపుతూ ఉంటే తెల్లటి తుట్టెలు కట్టి, ఫ్లోరైడ్‌ను వెంటేసుకుని అడుగుకు దిగుతాయి. గంటసేపు తేరనిచ్చి పైనీళ్లు వాడుకోవాలి. చౌక, కరెంటు అక్కర్లేదు. అయితే ఎంత పటిక వేయాలన్నది నీళ్లలోని ఫ్లోరైడ్‌ను, క్షారతను బట్టి మారుతుంది. కంటితో చూసి గుప్పెడు వేస్తే నీళ్లలో అల్యూమినియం మిగిలిపోతుంది. అడుగు మడ్డి పారబోయడమూ ఒక తలనొప్పే.

ఆర్‌ఓ ఫిల్టర్ ఫ్లోరైడ్‌ను బాగానే తీస్తుంది, కానీ వదిలేసే నీళ్లు చాలా. తీసిన ఫ్లోరైడంతా చిక్కబడి ఆ నీళ్లలోనే ఉంటుంది.

నన్నడిగితే, తాగడానికి మొదటి ఎంపిక మిషన్ భగీరథ నల్లాలో వచ్చే నదీ జలమే. అది రాక బోరే దిక్కయితే, పరీక్ష చేయించి కొలత ప్రకారం పటిక. ఫ్లోరైడ్‌కు రంగూ రుచీ ఉండవు, కాచినా పోదు, పైగా నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. తేల్చాల్సింది పరీక్షే.

మా ఇంట్లో మిగిలిన తొక్కల పొడి ఎరువు గుంతలోకి పోయింది.