ఎనిమిదేళ్లు, ఇరవై వేల తూటాలు: క్లేలకు ఏది, పావురాలకు ఏది

ముందే చెప్పేస్తాను. క్లేలకైతే (గురి కోసం గాల్లోకి విసిరే పళ్లేలు) మామూలు చవక తూటా చాలు, మరీ చవకది మాత్రం వద్దు. పావురాలకైతే మాత్రం చవకలోనే కాస్త నమ్మకమైనది వెతుక్కోవాలి. ఈ ముక్క తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది, డబ్బు కూడా బాగానే పోయింది. ఇంగ్లండ్‌లో కొత్తగా తుపాకీ పట్టే మనవాళ్లకి ఆ ఖర్చయినా తప్పుతుందని రాస్తున్నాను.

మాది ప్రకాశం జిల్లా. చిన్నప్పుడు జొన్న చేలో మంచె మీద తాత పక్కన కూర్చుని, ఆయన వడిసెలతో పిట్టల్ని తోలుతుంటే చూసేవాణ్ణి. లింకన్‌షైర్ వచ్చాక, మా ఇంటి వెనక బఠాణీ చేను మీద వుడ్ పిజన్లు వందల కొద్దీ వాలడం చూసినప్పుడు ఆ మంచే గుర్తొచ్చింది. మొలక మీద వాలాయంటే సాయంత్రానికి ఆ పక్కంతా బోడి అయిపోతుంది. ఆ చేను రైతే నన్ను మొదటిసారి క్లే గ్రౌండ్‌కి తీసుకెళ్లాడు. 2017లో పోలీసుల నుంచి షాట్‌గన్ (ఒక్క దెబ్బకు వందల గుళ్లు చిమ్మే తుపాకీ) సర్టిఫికెట్ వచ్చింది. అప్పటి నుంచి నెలకు రెండు ఆదివారాలు క్లేలు, పంట అదునులో ఆయన చేలల్లో పావురాలు. తుపాకీ ఒకటే, 12 బోర్ ఓవర్ అండర్, అంటే ఒకదాని మీద ఒకటి రెండు గొట్టాలుండేది.

ఇక్కడ తూటాలు డబ్బాకి 25 ఉంటాయి. పది డబ్బాలు ఒక స్లాబ్. నేను మొదలుపెట్టిన రోజుల్లో మామూలు క్లే తూటాల స్లాబ్ 45 పౌండ్ల లోపే దొరికేది, ఇప్పుడు 70 దాకా పెడుతున్నాను. అందుకే నూరు క్లేలు కొట్టే ఆదివారం తూటాలకే దగ్గర దగ్గర 30 పౌండ్లు అవుతుంది.

డబ్బా మీద ముందు చూడాల్సింది పొడవు. నా తుపాకీ చాంబర్ (తూటా కూర్చునే గది) 70 మిల్లీమీటర్లు. పాత ఇంగ్లిష్ తుపాకులు చాలావాటికి 65 మాత్రమే ఉంటుంది, వాటిలో 70 తూటా వాడకూడదు. ఆ అంకె తూటా పేలి మూతి మడత విచ్చుకున్నాక ఉండే పొడవు. కాబట్టి పేలకముందు లోపల సరిపోయింది కదా అని మోసపోవద్దు. ఇక అడుగున ఇత్తడి భాగం ఎత్తుగా ఉంటే తూటా బలమైనదని మొదట్లో నాకూ ఎవరో చెప్పారు. అది చాలావరకు అందం కోసమే. చవక తూటాల్లో అది పూత పూసిన ఉక్కు.

క్లేల సంగతికొస్తే, మొదటి రెండేళ్లు అందరిలాగే 28 గ్రాముల 7.5 నంబరు వాడాను (గ్రాములు లోపలి గుళ్ల మొత్తం బరువు, నంబరు గుండు సైజు; నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నది). హల్ కంపెనీ కాంప్ ఎక్స్, ఈలీ ఫస్ట్, ఈ రెండూ వేలల్లో కాల్చాను. రెండూ వాటి ధరకు న్యాయం చేశాయి. ఖరీదైన తూటాలకు మారిన నెలల్లో నా స్కోరు ఒక్క క్లే కూడా పెరగలేదు. పెరిగింది ఎప్పుడంటే, 24 గ్రాములకు దిగినప్పుడు. నాకు కుడి భుజం కొంచెం నొప్పి ఉంది. అరవై క్లేలు దాటాక తుపాకీ తన్నుతుందని ఒళ్లు ముందే బిగుసుకునేది, మొహం స్టాక్ (తుపాకీ పిడి) మీంచి లేచేది, గురి తప్పేది. 24కి మారాక నూరో క్లే కూడా మొదటి దానిలాగే కొట్టగలిగాను. గుళ్లు తగ్గుతాయి కదా అంటారు. 28 గ్రాముల్లో 7.5 గుళ్లు సుమారు 395 ఉంటే 24లో సుమారు 340 ఉంటాయి. ముప్పై గజాల్లో పగిలే పళ్లేనికి ఆ తేడా నాకెప్పుడూ కనిపించలేదు. ఒలింపిక్స్‌లో క్లేలు కొట్టే పోటీ అయిన ట్రాప్‌లో నిబంధన ప్రకారం 24 గ్రాములే. 2016లో రియోలో ట్రాప్ ఆడిన మన హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ కాల్చిందీ ఆ బరువే. సెమీ ఆటోమేటిక్ వాడేవాళ్లు మాత్రం ముందు ఒక్క డబ్బా కొని చూసుకోండి. బరువు తగ్గితే కొన్ని తుపాకులు ఖాళీ తూటాను బయటికి తోయలేక ఆగిపోతాయి.

తూటా మంచిదో కాదో డబ్బా చెప్పదు. ప్యాటర్న్ ప్లేట్ చెబుతుంది. చాలా గ్రౌండ్లలో సున్నం పూసిన పెద్ద ఇనుప రేకు ఒకటి ఉంటుంది. దానికి 40 గజాల దూరంలో నిలబడి ఒక్క దెబ్బ కొట్టాలి. గుళ్లు ఎక్కువ పడిన చోటు మధ్యగా 30 అంగుళాల గుండ్రం గీసి, లోపలి మచ్చలు లెక్కపెట్టాలి. చోక్ అంటే గొట్టం మూతి దగ్గరి ఇరుకు; హాఫ్ చోక్ అయితే తూటాలోని గుళ్లలో 60 శాతం ఆ గుండ్రంలో పడాలి. ఒక చలికాలం ఉదయం, మార్కర్ పట్టుకుని రెండు గంటలు అదే పని చేశాను. నేను రోజూ వాడే 28 గ్రాముల తూటా నాలుగు దెబ్బలకు 238, 229, 241, 233 ఇచ్చింది. స్లాబ్‌కి 9 పౌండ్లు తక్కువకు కొన్న ఇంకో తూటా ఇచ్చింది 246, 168, 221, 157. ఈ రెండో వరుస చూడండి. 246 కొట్టిన తూటా పక్కనే 157 కొట్టిన తూటా ఉంది, అదీ ఒకే డబ్బాలో. క్లే తప్పితే తప్పు నాదా తూటాదా అన్నది ఇక తేలదు, తేలకపోతే నేర్చుకునేదీ ఉండదు. మెత్తటి సీసపు గుళ్లు గొట్టంలో నలిగి సొట్టపోతాయి, సొట్టపోయినవి పక్కదారి పడతాయి. యాంటిమొనీ కలిపి గట్టిపరిచిన గుళ్లు గుండ్రంగా ఉండి తిన్నగా వెళ్తాయి. హల్ ఊళ్లో గేమ్‌బోర్ వాళ్లకి ఇప్పటికీ సొంత షాట్ టవర్ ఉంది. కరిగిన సీసాన్ని జల్లెడ లోంచి ఎత్తు మీంచి వదిలితే, పడే దారిలోనే గుండ్రమై కింద నీళ్లలో చల్లబడుతుంది. బ్రిస్టల్‌కి చెందిన విలియం వాట్స్ 1782లో పేటెంట్ తీసుకున్న పద్ధతి ఇది. నాకు దీని మీద భలే ఇష్టం.

ఆ 9 పౌండ్లు తక్కువైన తూటాతోనే ఇంకో సంగతి జరిగింది. కంపెనీ పేరు రాయను. స్టాండులో (నిలబడి కాల్చే చోట) రెండో జత క్లేలు. ట్రిగ్గర్ నొక్కితే ఢాం అనాల్సింది తుస్సుమంది, తన్ను లేదు, మూతి దగ్గర పొగ తిరిగింది. చేతి అలవాటు కొద్దీ రెండో గొట్టం కూడా కాల్చబోయాను. వెనకున్న పెద్దాయన గట్టిగా "ఆగు!" అన్నారు. తుపాకీ మడిచి, తూటాలు రెండూ తీసేసి, గొట్టం లోంచి ఆకాశం చూస్తే పై గొట్టంలో వెలుతురు లేదు. జానెడు లోపల వాడ్ (తూటాలో మందుకీ గుళ్లకీ మధ్య ఉండే అడ్డు) ఇరుక్కుని ఉంది. అదే గొట్టంలో ఇంకో తూటా పెట్టి కాల్చి ఉంటే గొట్టం పగిలేది, నా ఎడమ చెయ్యి సరిగ్గా దాని కిందే ఉంది. ఆ రోజు నుంచి శబ్దం ఏమాత్రం తేడాగా వినిపించినా ఆగి, తుపాకీ ఖాళీ చేసి, గొట్టంలోకి చూస్తాను. మిగిలిన 210 తూటాలూ దుకాణంలో తిరిగి ఇచ్చేశాను.

ఇక పావురాలు. ఇంగ్లండ్‌లో వుడ్ పిజన్‌ని కాల్చడానికి అనుమతి ఉన్నది పంటను కాపాడుకోవడానికి, జనరల్ లైసెన్స్ (ప్రభుత్వం అందరికీ కలిపి ఇచ్చే అనుమతి) షరతుల మీద. రైతు ఒప్పుకోవాలి, బెదిరించి తోలే మార్గాలు కూడా చూసి ఉండాలి. (ఊళ్లో ఉండి చదివేవాళ్లు దీన్ని అక్కడికి అన్వయించుకోవద్దు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది.) మొదటి వేసవిలో డబ్బు మిగులుతుందని క్లే తూటాలే చేలోకి పట్టుకెళ్లాను. డెకాయ్‌ల (ఎరగా పెట్టే బొమ్మ పావురాల) మీదికి దిగి ఇరవై గజాల్లో రెక్కలు చాచిన పావురం 7.5కీ పడుతుంది. కానీ ముప్పై ఐదు గజాల్లో దాటిపోయేదాన్ని కొడితే ఈకలు రాలాయి, పావురం ఆగలేదు. కంచె దాకా ఎగిరి లోపల పడింది. దాన్ని వెతికి పట్టుకోవడానికి ముప్పావు గంట పట్టింది. దొరికేటప్పటికి ఇంకా ప్రాణం ఉంది. ఆ కళ్లు చూశాక, స్లాబ్ మీద మిగిలే ఐదారు పౌండ్ల లెక్క నా మనసులోంచి పోయింది. చిన్న గుండు దూరం వెళ్లేకొద్దీ బలం కోల్పోతుంది, లోపలిదాకా దిగదు.

అప్పటి నుంచి పావురాలకు 30 గ్రాముల 6 నంబరు, ఫైబర్ వాడ్. ఇందులో గుళ్లు 285 దాకా ఉంటాయి, ఒక్కోటి దిటవైనది. గేమ్‌బోర్ క్లియర్ పిజన్, ఈలీ పిజన్ సెలెక్ట్ రెండూ ఏళ్ల తరబడి వాడాను, రెండిటి మీదా ఫిర్యాదు లేదు. దగ్గరి దుకాణంలో ఏది తక్కువకు ఉంటే అది తెస్తాను. 32 గ్రాములు, ఇంకా ఎక్కువ స్పీడ్ అన్నవి ప్రయత్నించి వదిలేశాను. దాక్కునే వల చాటున స్టూలు మీద కూర్చుని కాల్చేటప్పుడు తన్ను రెండింతలు అనిపిస్తుంది, రెండో పావురం మీదికి తుపాకీ తిరగడానికి టైం పడుతుంది. నా హద్దు 35 గజాలు. అడుగులేసి కొలిచి అక్కడో కర్ర పాతుకుంటాను, కర్ర అవతలిది నాది కాదు.

వాడ్ గురించి బేరం లేదు. ప్లాస్టిక్ వాడ్ తూటా కాస్త చవక, ప్యాటర్న్ కూడా కొంచెం బిగువుగా వస్తుంది. కానీ కాల్చిన ప్రతిసారీ ఒక ప్లాస్టిక్ గిన్నె చేలో పడుతుంది, దాన్ని ఆవులు తింటాయి. మా రైతు మొదటి రోజే ఫైబర్ తప్ప వద్దన్నాడు, చాలా క్లే గ్రౌండ్లలో కూడా అదే రూలు.

నిల్వకు గ్యారేజీ వద్దు. ఒక చలికాలం తేమకు ఉబ్బిన రెండు డబ్బాల తూటాలు చాంబర్లో ఇరుక్కున్నాయి. ఇప్పుడు ఇంట్లోనే, పొడిగా, తాళం వేసి పెడుతున్నాను.

సీసం మాటకొస్తే, 2025 జులైలో ఇక్కడి ప్రభుత్వం మూడేళ్ల గడువుతో సీసపు గుళ్లు ఆపేస్తామని ప్రకటించింది. నేను అంతకన్నా ముందే స్టీల్ గుళ్లు మొదలుపెట్టాను, కారణం మా వంటిల్లు. కొట్టిన పావురాన్ని పారేయడం నాకు చేతకాదు. మా ఆవిడ రొమ్ము మాంసం మిరియాలు దంచి వేపుతుంది. ఒకరోజు మా అమ్మాయి నోట్లోంచి నల్లటి గుండు తీసి నా అరచేతిలో పెట్టింది. చిన్నపిల్లలు సీసంతో కొట్టిన మాంసం తినడం వీలైనంత తగ్గించాలని ఇక్కడి ఆహార శాఖ చెబుతూనే ఉంది, నేనే పట్టించుకోలేదు. స్టీల్ సీసం కన్నా తేలిక కాబట్టి గుండు రెండు సైజులు పెద్దది తీసుకోవాలి, 6 బదులు 4. చోక్ హాఫ్ దాటకూడదు, నేను క్వార్టర్ పెడుతున్నాను. పాత తుపాకీ అయితే గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసేవాడికి) చూపించకుండా వాడకండి. స్టీల్ ప్యాటర్న్ చూడాలంటే మాత్రం ఇనుప రేకు మీద కొట్టొద్దు, గుళ్లు వెనక్కి తిరిగొస్తాయి, పెద్ద అట్ట కట్టుకోండి.

కరిగిపోయే వాడ్ ఉన్న స్టీల్ తూటా ఇప్పటికి ఖరీదే. ఇప్పటివరకు రెండు స్లాబులు కాల్చాను. ముప్పై గజాల లోపు పావురం అక్కడికక్కడే పడుతోంది, అందుకే కర్రను ఐదు గజాలు నా వైపుకి జరిపాను. క్లేలకు మిగిలిన సీసం తూటాలు మూడు స్లాబులున్నాయి. అవి అయ్యాక వాటికీ స్టీలే, 24 గ్రాముల్లోనే తెస్తాను.