డిమాండ్ ప్లానర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ: అనంతపురం అభ్యర్థి సమీక్ష

ఒక పెద్ద వినియోగ వస్తువుల సంస్థ డిమాండ్ ప్లానర్ (సరుకుకు ఎంత గిరాకీ ఉంటుందో ముందుగా అంచనా వేసే) ఉద్యోగానికి అనంతపురంలో నిర్వహించిన ఇంటర్వ్యూ, జ్ఞాపకశక్తిని కాక ఆలోచనను పరీక్షించేదిగా ఉంది. ఎక్సెల్ పరీక్ష సాధారణమైనదే. అసలు సత్తా తేలేది సాంకేతిక ఇంటర్వ్యూలో: 100 పెట్టెలు అమ్ముడవుతాయని అంచనా వేయగా 80 మాత్రమే అమ్ముడైతే, వాస్తవ అమ్మకాలపై దోషం 25 శాతమని చెప్పి ఊరుకుంటే చాలదు, అమ్మకం సున్నా అయిన నెలలో ఆ శాతాన్ని లెక్కించడమే కుదరదనీ, అంచనాలు ప్రతి నెలా ఒకే వైపు తప్పుతుంటే దానిని బయాస్‌గా విడిగా చూడాలనీ వివరించవలసి వచ్చింది. ఉగాది 2024లో ఏప్రిల్ 9న, 2025లో మార్చి 30న వచ్చినప్పుడు, గత ఏడాది అదే నెల అమ్మకాలను యథాతథంగా ఆధారం చేసుకోవచ్చా అన్న ప్రశ్న నాకు ఎంతో నచ్చింది; పంచాంగం చూసే అలవాటున్న మనవాళ్లకు ఇది కలిసివచ్చే ప్రశ్న. సరుకు నిండుకున్న వారాల అమ్మకాలు నిజమైన గిరాకీని చూపవన్న విషయంపైనా చర్చ చక్కగా సాగింది.

హెచ్‌ఆర్ విభాగం తీరు మాత్రం అంత బాగా లేదు. పనిచేయవలసిన ఊరు ఏదో, జీతం ఏ మేరకు ఉంటుందో చివరి వరకు చెప్పకపోవడం దూరం నుంచి వచ్చిన అభ్యర్థులకు ఇబ్బంది కలిగించింది.